షేక్ ఆపిన మర్నాడు ఏం తింటారు?

అన్నం, రొట్టె పక్కనపెట్టి పొడి కలుపుకొని తాగే 'మీల్ రీప్లేస్‌మెంట్' పద్ధతి హైదరాబాద్ జిమ్ముల నుంచి మండల కేంద్రాల దాకా వచ్చేసింది. దీంతో బరువు తగ్గుతుందా? తగ్గుతుంది. షుగర్ అదుపులోకి వస్తుందా? కొందరిలో వస్తుంది. అయితే ఈ ఫలితాలు రుజువైన చోట పొడి ఒక్కటే పనిచేయలేదు. దాని వెనక డాక్టరు, మాత్రల సర్దుబాటు, మళ్లీ భోజనానికి మళ్లించే పద్ధతి ఉన్నాయి. మన ఊళ్లలో అమ్ముడుపోతున్నది మాత్రం పొడి ఒక్కటే.

ఊరూరా డబ్బాలు

మోత్కూర్ లాంటి చిన్న మున్సిపాలిటీలో కొన్నేళ్ల కిందటి దాకా బరువు తగ్గాలంటూ ప్రభుత్వ ఆసుపత్రి మెట్లెక్కేవాళ్లు అరుదు. ఇప్పుడు ఓపీకి వచ్చినవాళ్లు సంచిలోంచి ఓ డబ్బా తీసి టేబుల్ మీద పెడుతున్నారు. "పొద్దుగాల ఒకటి, రాత్రికి ఒకటి తాగుతున్న సార్. నెలల నాలుగు కిలోలు తగ్గిన. షుగర్ గోళీలు బంద్ చేయాల్నా?" అన్నది వాళ్ల ప్రశ్న. కొందరు అడగకుండానే బంద్ చేసి వస్తారు. ఇంకొందరు భోజనం సగానికి సగం తగ్గించి, మాత్రలు మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటూ ఉంటారు. రెండూ ప్రమాదమే. రెండోది ఇంకా తొందరగా ముంచుతుంది. ఎందుకో తర్వాత చూద్దాం.

ఈ డబ్బాలు మూడు దారుల్లో వస్తున్నాయి. ఒకటి, ఫోన్‌లో ఆర్డర్. రెండు, పట్నంలో జిమ్‌కు వెళ్లే కొడుకో కోడలో కొని పంపడం. మూడోది, పొద్దున్నే తెరిచే న్యూట్రిషన్ క్లబ్. అక్కడ ముందు ఉచితంగా బరువు చూస్తారు, ఒంట్లో కొవ్వు శాతం చెబుతారు, వేడివేడిగా టీ లాంటిది ఇస్తారు, ఆపైన షేక్. నాలుగు రోజులు పోతే తాగేవాళ్లే అమ్మేవాళ్లుగా మారతారు. అమ్మేది బంధువో, పక్కింటివాళ్లో కాబట్టి నమ్మకం ఎక్కువ. ప్రశ్నలు తక్కువ.

గిరాకీ ఊరికే పుట్టలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. అదే సర్వేలో రాష్ట్ర మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కొవ్వు ఎక్కువై, రక్తం తక్కువైన మనిషి ఇవాళ మనకు కొత్త కాదు. కేలరీలు నిండుగా అందుతున్నా ప్రొటీన్, ఐరన్ అందని కంచం మనది. ఇలాంటి మనిషి తిండి తగ్గించేటప్పుడు ఏది తగ్గిస్తున్నారన్నది చాలా ముఖ్యం.

ఇంకోవైపు 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. వాటి గురించి ఊళ్లలోనూ మాట్లాడుకుంటున్నారు. సూది మందు ఖరీదు వినగానే చాలామంది చూపు డబ్బా మీదికి మళ్లుతోంది. ఇంజెక్షన్‌కు డాక్టరు చీటీ కావాలి. డబ్బాకు ఏ చీటీ అక్కర్లేదు.

ఇది మనకు మొదటిసారి కాదు

తెలుగువాళ్లకు ఆహారం మార్చి బరువు తగ్గించుకోవడం కొత్త ముచ్చట కాదు. ఉప్పు, నూనె లేని వంటలతో మంతెన సత్యనారాయణరాజు టీవీల ద్వారా ఇంటింటికీ తెలిశారు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి రెండు రాష్ట్రాలనూ ఊపేసింది. రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అన్న లెక్క చాలామందికి కంఠతా వచ్చేది. అందులో పూర్తిగా ద్రవాల మీదే ఉండే 'లిక్విడ్ డైట్' కూడా ఉండేది. ఒక రకంగా ఇవాళ్టి షేకులకు అది ముందు మెట్టు. ఆ తర్వాత ఖాదర్ వలి చెప్పిన సిరిధాన్యాల వంతు వచ్చింది. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు మళ్లీ కిరాణా కొట్లలో కనిపించాయి.

ఈ మూడు పద్ధతులూ ఒకదానికొకటి పొంతన లేనివి. ఒకరు నూనె వద్దంటే, ఇంకొకరు కొబ్బరినూనె తాగమన్నారు. అయినా మూడింటిలోనూ మొదట్లో బరువు తగ్గినవాళ్లు ఉన్నారు. కారణం సులువు. ఏ పద్ధతిలో చేరినా మొదట కంచంలో తగ్గింది తెల్లన్నం, దానితోపాటు మొత్తం కేలరీలు. షేక్ చేసేదీ ఇదే పని. నిష్ఠ సడలి పాత కంచానికి తిరిగి వచ్చినవాళ్లకు బరువు కూడా తిరిగి వచ్చింది. ఈ అనుభవం మన ఇళ్లలో చాలామందికి ఉంది.

మరి షేకుల ప్రత్యేకత ఏమిటి? పై పద్ధతుల కంటే వీటి మీద పరిశోధన ఎక్కువ జరిగింది. ఏ మేరకు పనిచేస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నదానికి అంకెలు ఉన్నాయి.

అంకెలు ఏమంటున్నాయి?

వీటిలో అందరూ చెప్పుకొనేది బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' అధ్యయనం. ప్రొఫెసర్ రాయ్ టేలర్, ప్రొఫెసర్ మైక్ లీన్ నడిపించిన ఈ అధ్యయనం తొలి ఫలితాలు 2017లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. టైప్-2 డయాబెటిస్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ తీసుకోని 306 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి 3 నుంచి 5 నెలల పాటు భోజనమంతా ఆపి, రోజుకు 825-853 కేలరీలు ఇచ్చే షేకులు, సూపులు మాత్రమే ఇచ్చారు. తర్వాత 2 నుంచి 8 వారాల పాటు ఒక్కో పూటా మామూలు భోజనం తిరిగి మొదలుపెట్టించారు. ఆపైన నెలనెలా పిలిచి మాట్లాడారు.

ఏడాది తిరిగేసరికి షేకుల గుంపులో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ డయాబెటిస్ స్థాయి కిందికి వచ్చింది. రెండో గుంపులో ఇలా జరిగింది 4 శాతం మందికే. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలోనైతే 86 శాతం మందికి ఈ ఫలితం దక్కింది. ఇది చిన్న విషయం కాదు. 'షుగర్ వస్తే ఇక పోయేది కాదు' అన్న నమ్మకాన్ని ఈ అధ్యయనం కదిలించింది.

ప్రకటనల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. కానీ అధ్యయనం ఆగలేదు. రెండేళ్లకు 46 శాతం కాస్తా 36 శాతమైంది. ఆ తర్వాత కూడా సహాయం కొనసాగించిన గుంపులో అయిదేళ్లకు 13 శాతమే మిగిలింది. బరువు కూడా అంతే. మొదటి ఏడాది సగటున 10 కిలోలు తగ్గితే, అయిదేళ్ల చివర మిగిలిన తగ్గుదల 6 కిలోల చిల్లర. అయిదేళ్ల తర్వాత ఆరు కిలోలు తక్కువగా ఉండటం ఆరోగ్యానికి మేలే. కానీ డబ్బా మీది ఫొటోలో కనిపించే మార్పు అది కాదు.

ఆక్స్‌ఫర్డ్‌లో 278 మందితో జరిగి 2018లో వెలువడిన 'డ్రాప్‌లెట్' అధ్యయనంలో రోజుకు 810 కేలరీలతో 8 వారాలు పూర్తిగా షేకులు, సూపుల మీద ఉంచారు. కౌన్సెలర్ కూడా తోడున్నారు. ఏడాదికి వాళ్లు సగటున 10.7 కిలోలు, మామూలు సలహాలు అందుకున్నవాళ్లు 3.1 కిలోలు తగ్గారు.

మన దగ్గర ఎక్కువమంది చేసేది ఇలా కాదు. ఒకటి రెండు పూటలు షేక్, మిగతా పూట ఇంటి భోజనం. ఈ పద్ధతి మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2019లో విశ్లేషించినప్పుడు, ఇతర ఆహార నియమాలతో పోలిస్తే ఏడాదికి అదనంగా తగ్గింది సగటున కిలోన్నర మాత్రమే. ఒకటి రెండు పూటల షేక్‌కు ఉన్న శక్తి అంత. డైరెక్ట్ ఫలితాలు చూపించి ఈ పద్ధతిని అమ్మితే అది న్యాయమైన బేరం కాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

షేక్‌లో కొవ్వు కరిగించే మందేదీ లేదు. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దగా ఒంటిపని చేయని పురుషుడికి రోజుకు సుమారు 2110, మహిళకు 1660 కేలరీలు చాలు. మన దగ్గర తినేది తరచూ దీనికి మించే ఉంటుంది. వంద గ్రాముల బియ్యం వండితే సుమారు 350 కేలరీలు. రోజుకు అర కిలో బియ్యం అన్నం తినే మనిషికి ఒక్క అన్నం నుంచే 1700కు పైగా వస్తాయి. అలాంటి మనిషి 850 కేలరీల మీదికి దిగితే శరీరం నిల్వల మీద పడక తప్పదు.

మొదటి వారంలో రెండు మూడు కిలోలు టక్కున తగ్గడం చూసి మురిసిపోతారు. అందులో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ తనతో నీటిని పట్టుకొని ఉంటుంది. అది ఖర్చవగానే నీరూ వెళ్లిపోతుంది. అసలు కొవ్వు కరగడం తర్వాత మొదలవుతుంది. ముందుగా కాలేయంలో, ఆపైన క్లోమంలో పేరుకున్న కొవ్వు తగ్గుతుంది. షుగర్ అదుపులోకి రావడానికి ఇదే కారణమని రాయ్ టేలర్ బృందం స్కానింగుల్లో చూపించింది. అందుకే షుగర్ కొత్తగా వచ్చినవాళ్లలో ఫలితం ఎక్కువ. పది పదిహేనేళ్ల షుగర్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చాలావరకు అలసిపోయి ఉంటాయి కాబట్టి ఆ ఆశ తక్కువ.

మన వాళ్ల విషయంలో ఇంకో మాట. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉండే శరీరం మనది. అందుకే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన దేశంలో లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90, మహిళల్లో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. దర్జీ టేపు చాలు, మెషిన్ అక్కర్లేదు.

ఒక పాత హెచ్చరిక

1970ల్లో అమెరికాలో ద్రవరూప ప్రొటీన్ పిచ్చి నడిచింది. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన నాసిరకం ప్రొటీన్ తప్ప మరేమీ లేని ద్రవాన్ని నెలల తరబడి తాగారు. 1977-78 నాటికి అక్కడి ఆరోగ్య సంస్థలు దాదాపు 60 మరణాలను నమోదు చేశాయి. చాలామంది గుండె లయ తప్పి హఠాత్తుగా పోయారు. మంచి ప్రొటీన్, పొటాషియం లాంటి లవణాలు, విటమిన్లు లేకుండా భోజనం ఆపితే గుండె కండరం కూడా నష్టపోతుందని ఆ ఘటనలు నేర్పాయి.

షేకులకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు వచ్చింది ఆ తర్వాతే. 1991 నాటి కోడెక్స్ ప్రమాణం ప్రకారం రోజు మొత్తం భోజనానికి బదులిచ్చే పొడి 800 నుంచి 1200 కేలరీలు అందించాలి. ఒక పూటకు బదులిచ్చేదైతే 200 నుంచి 400. అందులో కనీసం పావు వంతు కేలరీలు ప్రొటీన్ నుంచే రావాలి. విటమిన్లు, ఖనిజాలు నిర్ణీత పాళ్లలో ఉండాలి. కాబట్టి జిమ్ముల్లో వాడే ప్రొటీన్ పౌడర్ భోజనానికి బదులు కాదు. రెండూ ఒకటే అనుకొని అన్నం మానేసి ప్రొటీన్ పౌడర్ మీద బతికేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

మాత్రలు వేసుకునేవాళ్లు ఇది తప్పక చదవాలి

ఉపకేంద్రం నుంచి నెలనెలా షుగర్, బీపీ మాత్రలు తెచ్చుకునేవాళ్లు మన దగ్గర వేలల్లో ఉన్నారు. ఆ మోతాదు వాళ్లు అప్పుడు తినే తిండికి తగ్గట్టు నిర్ణయించింది. తిండి సగమైతే లెక్క తప్పుతుంది.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు షేకుల మీదికి మారితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం, చివరికి స్పృహ తప్పడం దాని లక్షణాలు. రాత్రి నిద్రలో జరిగితే ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. పొలంలో మోటారు దగ్గరో, బండి మీదో జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలది ఇంకో సమస్య. ఇవి వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి కీటోఅసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటర్‌లో షుగర్ మరీ ఎక్కువగా చూపించకపోయినా ఇది వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి.

బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి వాడుతూ తిండి తగ్గిస్తే బీపీ పడిపోయి, లేచి నిలబడగానే తూలి పడతారు. ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ.

డైరెక్ట్ అధ్యయనంలో షేకులు మొదలుపెట్టిన రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు. ఆపి వదిలేయలేదు. పరీక్షలు చేస్తూ, అవసరమైనవాళ్లకు తిరిగి ఇచ్చారు. ఈ పని డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. డబ్బా అమ్మినవారి మాట మీద మాత్రలు ఆపడం, మార్చడం ప్రాణాల మీదికి తెస్తుంది.

వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లవాపు, మలబద్ధకం, జుట్టు రాలడం కూడా ఉండొచ్చు. కండ కూడా కొంత పోతుంది. కంటి రెటీనాలో షుగర్ దెబ్బ ఉన్నవాళ్లలో షుగర్ ఒక్కసారిగా తగ్గితే చూపు సమస్య పెరగొచ్చు. అందుకే ముందే కంటి పరీక్ష అవసరం.

ఎవరికి వద్దు?

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువారు.
• టైప్-1 డయాబెటిస్ ఉన్నవారు.
• కిడ్నీ, కాలేయ జబ్బులు ముదిరినవారు.
• ఈమధ్యే గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, గుండె లయ సమస్య ఉన్నవారు.
• తిండి విషయంలో మానసిక సమస్యలు ఉన్నవారు.
• బక్కపలచగా ఉన్న వృద్ధులు. వాళ్లకు పోయిన కండ తిరిగి రావడం కష్టం.

వీళ్లు కాకుండా బీఎంఐ బాగా ఎక్కువగా ఉండి, షుగర్ వచ్చి కొద్ది ఏళ్లే అయి, క్రమం తప్పకుండా పరీక్షలకు రాగలిగినవాళ్లకు పూర్తి షేకుల పద్ధతి మంచి అవకాశమే. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, పొటాషియం, కాలేయ పరీక్ష, యూరిక్ యాసిడ్, మూడు నెలల షుగర్ సగటు, రక్తంలో హిమోగ్లోబిన్, ఈసీజీ చూసుకోవాలి.

డబ్బా కొనే ముందు

• 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ ఉందా చూడండి. ఆ నంబర్ ఉంటే సంస్థకు అనుమతి ఉందని అర్థం. బరువు తగ్గిస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు.
• ఒక పూటకు ఎన్ని కేలరీలు, ఎంత ప్రొటీన్ అన్నది చదవండి. కొన్నింటిలో ఒక కొలత పొడి నుంచి వచ్చేది వంద కేలరీల లోపే. పాలు కలిపితేనే అది ఒక పూట కిందికి వస్తుంది. నీళ్లలో కలిపి తాగితే అది పస్తు లాంటిదే.
• చక్కెర ఎంత ఉందో చూడండి.
• 'షుగర్ నయమవుతుంది', 'థైరాయిడ్ మాయం' అని ఎవరైనా చెబితే అక్కడే లేచి వచ్చేయండి. ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని చెప్పి అమ్మడానికి మన ఆహార నిబంధనలు ఒప్పుకోవు.
• 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం సభ్యులను చేర్పిస్తే డబ్బులిస్తామనే గొలుసుకట్టు పథకాలు నిషిద్ధం. చేరడానికి రుసుము అడగకూడదు. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.
• బిల్లు తీసుకోండి. రేపు వాంతులో, కామెర్లో వస్తే ఏం తాగారో చెప్పడానికి డబ్బా, బిల్లు రెండూ పనికొస్తాయి.

ఖర్చు లెక్క

ఒక్క షేక్‌కు వంద రూపాయలనుకుందాం. రోజుకు రెండు, నెలకు ఆరు వేలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే దాదాపు 20 రోజుల కూలి. ఇంట్లో ఒకరి షేకుల కోసం పిల్లల గుడ్లు, పాలు తగ్గించుకునే పరిస్థితి వస్తే ఆ ఇంటికి అది ఆరోగ్యం కాదు.

అదే పూటకు రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసు చిక్కటి మజ్జిగ, ఒక జామకాయ తీసుకుంటే సుమారు 270 కేలరీలు, 16 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తాయి. ఖర్చు 40 రూపాయలు దాటదు. గుడ్డు తినని వాళ్లకు గుప్పెడు ఉడికించిన శనగలో పెసర్లో, కప్పు పెరుగు. షేక్‌లో కలిపే విటమిన్లన్నీ ఇందులో లేకపోవచ్చు. రోజుకు ఒక పూట మార్చుకునేవాళ్లకు మాత్రం ఇది సరిపోతుంది.

ఇక షేక్‌లో నిజంగా పనికొచ్చే గుణం ఒకటి ఉంది. దానికి కొలత ఉంది. ఒక చెంచా అంటే ఒక చెంచానే. రెండోసారి వడ్డించేవాళ్లు ఉండరు, కూర బాగుందని ఇంకో ముద్ద కలిపేది ఉండదు. మన అన్నానికి లేనిది ఈ కొలతే. ఆ కొలతను ఇంటి భోజనానికి తెచ్చుకోగలిగితే చాలామందికి డబ్బా అవసరం ఉండదు.

షేక్ ఆపిన మర్నాడు

పన్నెండు వారాలు షేకుల మీద ఉన్న మనిషి పదమూడో వారం ఏం తింటాడు? బరువు తగ్గుదల నిలుస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. తగ్గిన శరీరానికి మునుపటి కంటే తక్కువ కేలరీలు చాలు. ఆకలి మాత్రం మునుపటి కంటే ఎక్కువేస్తుంది. ఆ సమయంలో దావత్‌లు, పండుగలు, పాత కంచం ఎదురుగా ఉంటాయి. "బువ్వ తినకుంటే తిన్నట్టే ఉండది సార్" అనే మాట అబద్ధం కాదు. తరాల అలవాటు అది.

మన ప్రాంతం అన్నానికి మళ్లింది ఈమధ్యే. జొన్న గటక, జొన్న రొట్టె తిన్న ఇళ్లలోకి బోర్లు, కాలువలతో వరి వచ్చింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్న బియ్యం పథకంతో రేషన్ బియ్యం కూడా ఇష్టంగా తినే బియ్యమైంది. మనిషికి నెలకు 6 కిలోలు. అంటే రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. పేదింటి ఆకలికి అది భరోసా. చిక్కల్లా ఆ కంచంలో పప్పు, గుడ్డు, కూర అంతగా పెరగకపోవడంతోనే. 2025లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం భారతీయుల భోజనంలో 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని చెప్పింది.

అందుకే షేక్ మొదలుపెట్టే రోజే, ఆపాక తినబోయే కంచాన్ని రాసి పెట్టుకోవాలి. ఇదొక నమూనా:

• కంచంలో సగం కూర, ఆకుకూర. పావు భాగం పప్పు, గుడ్డు, చేప లేదా చికెన్. మిగిలిన పావు భాగమే అన్నం లేదా రొట్టె.
• మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రికి ఒకటి రెండు జొన్న రొట్టెలు. జొన్న రొట్టె మంచిదని నాలుగు తింటే లాభం లేదు.
• ముందు కూర, పప్పు తిని, అన్నం చివర కలుపుకోవాలి.
• వంటనూనె మనిషికి రోజుకు నాలుగైదు చిన్న చెంచాలు. నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తున్నారో లెక్క పెడితే అసలు సంగతి తెలుస్తుంది.
• షేకులు ఒక్కసారిగా ఆపకూడదు. మొదటి రెండు వారాలు ఒక పూట భోజనం, తర్వాత రెండు పూటలు, ఆపైన మూడు.
• వారానికి ఒకసారి అదే రోజు, అదే సమయానికి బరువు చూసుకోవాలి. రెండు కిలోలు పెరిగితే అప్పుడే మేల్కోవాలి. పది కిలోలు పెరిగాక కాదు.
• నడకతోపాటు కండకు పని చెప్పే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు. కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోవడం కూడా అందులోకి వస్తుంది.

ఇంజెక్షన్లకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో సగటున మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు అధ్యయనం చెప్పింది. ఊబకాయం నెల రోజుల కోర్సుతో పోయే జ్వరం లాంటిది కాదు. బీపీలాగే ఏళ్ల తరబడి కనిపెట్టుకొని ఉండాల్సిన జబ్బు.

ప్రభుత్వం చేయగలిగింది

ఇంగ్లాండ్‌లో డైరెక్ట్ ఫలితాలు వచ్చాక ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థే ఈ కార్యక్రమాన్ని చేపట్టింది. అర్హులకు షేకులు ఉచితం, తోడు ఏడాది పాటు సలహాలు. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బీఎంఐ వద్దే అవకాశం ఇచ్చింది. మన దగ్గర అందరికీ షేకులు పంచాలని నేను అనను. మనకు కావలసింది వాటి వెనక ఉన్న వ్యవస్థ. షుగర్, బీపీ మాత్రలు ఉపకేంద్రం దాకా ఉచితంగా చేరుతున్నాయి. ఆ మాత్రలిచ్చే చోటే ఒక నడుము టేపు, ఒక బరువు మెషిన్, కంచం నమూనా బొమ్మ ఉండాలి. కొత్తగా షుగర్ బయటపడినవాళ్లను 12 వారాల పాటు వారం వారం పిలిచి చూసే ఏర్పాటు ఉండాలి. ఏరియా ఆసుపత్రి స్థాయిలో ఒక పోషకాహార నిపుణుడు ఉండాలి. న్యూట్రిషన్ క్లబ్‌కు జనం వెళ్లేది పొడి కోసమే కాదు. అక్కడ ఎవరో ఒకరు రోజూ బరువు చూస్తారు, పేరు పెట్టి పలకరిస్తారు, తగ్గితే మెచ్చుకుంటారు. ఆ పలకరింపు ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికితే, దాంతోపాటు మాత్రల సర్దుబాటు కూడా దొరుకుతుంది.

అప్పటిదాకా ఒక పని చేయండి. ఇప్పటికే షేకులు తాగుతున్నా, తాగాలనుకుంటున్నా దాచిపెట్టకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి రండి. తిడతారని భయపడొద్దు. వచ్చేటప్పుడు ఆ డబ్బా, మీరు వేసుకునే మాత్రల చీటీ రెండూ తెచ్చుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే, మీకు ఏది ఎంత కావాలో చెప్పగలం.